స్టీరింగ్ ఆడుతోంది బావా!

3వ తారీఖు

చిరంజీవి బావమరిదికి,

చిరంజీవి అన్నది చేతి అలవాటు కొద్దీ పడింది. ఆశీర్వాదం అనుకుని మురిసిపోనక్కర్లేదు.

మూడేళ్ల తర్వాత ఈ ఉత్తరమేమిటని కళ్లు నులుముకుంటూ ఉంటావు. నీతో జన్మలో మాట్లాడనని సెలూన్ ముందు ముప్పైమంది వింటుండగా అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడే ఉన్నాను. అయితే ఉత్తరం రాయడం మాట్లాడటం కిందికి రాదని మీ అక్క తీర్పిచ్చింది. ఇంట్లో పైకోర్టు ఆవిడే కాబట్టి రాస్తున్నాను.

సంగతేమిటంటే, నిన్న లారీ కంపెనీ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. స్టీరింగ్‌లో తయారీలోనే లోపం ఉందట. నువ్వు మన లారీ తోలిన రోజుల్లో "స్టీరింగ్ ఆడుతోంది బావా, ఎడమకి లాగుతోంది బావా" అని నస పెట్టేవాడివి. అది పూర్తిగా అబద్ధం కాదని తేలింది. కాబట్టి వెనక్కి పిలవక తప్పదు. నెలాఖరులోగా రావాలి. మట్టీ మడ్డీ లేకుండా శుభ్రంగా రావాలి. ఖాళీగా రావాలి, బరువులేమీ మోసుకురాకూడదు. ఒక రోజు అక్కడే ఉంచుకుని, కింద నుంచి పైదాకా పరీక్ష చేసి, లోపం ఉంటే ఉచితంగా సరిచేస్తారు. వయసు మీద పడినా ఫర్వాలేదట.

ఈ విషయం నీకు తెలియజేయడం ధర్మమని మీ అక్క అంది. తెలియజేశాను.

ఇట్లు,
నీతో మాట్లాడని
బావ

తా.క.: లారీ సెలూన్‌లోకి దూరిన రోజున కుర్చీలోంచి సగం గడ్డంతో లేచి పరిగెత్తిన పోస్ట్‌మాస్టరు, నీ ఊసెత్తితే ఇప్పటికీ రెండో చెంప తడుముకుంటాడు. ఈ ఉత్తరం ఆయన చేతుల మీదుగానే రావాలి. ఆలస్యమైతే నన్నేం అనకు.


7వ తారీఖు

దేవుడిలాంటి బావగారికి,

బావమరిది రెండు చేతులూ జోడించి, అందుకోసం లిఫ్టు ఆపి మరీ, రాస్తున్నది.

మీ ఉత్తరం మొదటి అంతస్తుకీ రెండో అంతస్తుకీ మధ్య చదివాను. "వెనక్కి పిలవక తప్పదు" అన్న చోట మీట మీద నుంచి చెయ్యి తీసేశాను. లిఫ్టులో ఉన్న నలుగురు ఆడవాళ్లూ గోలపెట్టారు. వాళ్లకీ ఉత్తరం చదివి వినిపించాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

నేను బట్టల షాపులో లిఫ్టు తిప్పుతున్నానని అక్క చెప్పే ఉంటుంది. మూడేళ్లుగా పైకీ కిందకీ తిరగడమే. ఎడమా కుడీ అన్నవి లేనే లేవు. మా పాప అడుగుతూ ఉంటుంది, "నాన్నా, నీ లిఫ్టుకి హారన్ ఎందుకు పెట్టలేదు?" అని. ఏం చెప్పను? మీరు "తాగి తోలాడు" అన్న మాట నాకంటే ముందు ఊళ్లన్నీ తిరిగొచ్చింది. ఏ లారీ యజమానీ నన్ను గడప తొక్కనివ్వలేదు. నేను జన్మలో సీసా మూత వాసన కూడా చూడలేదని మీకు తెలుసు.

పోనివ్వండి. మీరు పిలిచారు, అదే పదివేలు. శుభ్రంగా రమ్మన్నారు. రోజూ స్నానం చేసే అలవాటు నాకు అప్పుడూ ఉంది బావా. ఖాళీగా రమ్మన్నారు కాబట్టి పళ్లూ గిళ్లూ తీసుకురావడం లేదు. వయసు సంగతంటారా, నాకింకా నలభై నాలుగే. నాలో లోపం ఉంటే సరిచేస్తామన్నారు. ఒక్కటే ఉంది. రోడ్డు మీద లారీ ఎదురైతే తల దానంతటదే వంగిపోతోంది. అది సరైతే చాలు.

ఈ రోజే ఉద్యోగం మానేశాను. సోమవారం బస్సు దిగుతాను.

ఇట్లు,
మీరు వెనక్కి పిలిచిన
బావమరిది

తా.క.: మేనేజరు నన్ను వదల్లేక వదల్లేక వదిలాడు. వీడ్కోలు సభ పెట్టి గొడుగు బహూకరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్టు తిప్పేవాడికి ఇంత పెద్ద సభ ఈ ఊళ్లో ఎప్పుడూ జరగలేదట.


10వ తారీఖు

బావమరిదికి,

కొంప ముంచావు కదరా! వెనక్కి పిలిచింది నిన్ను కాదు, లారీని!

ఆ కంపెనీ ఆ తరహా లారీలన్నిటినీ వర్క్‌షాపుకి రమ్మంది. శుభ్రంగా, ఖాళీగా రావలసింది లారీ. వయసు మీద పడినా ఫర్వాలేదన్నది లారీకి. వాక్యంలో "లారీ" అన్న ముక్క రాయకపోవడం నా పొరపాటే, ఒప్పుకుంటున్నాను. అయినా నిన్ను కింద నుంచి పైదాకా పరీక్ష చెయ్యడానికి మేమెవరం?

తప్పు నీ ఒక్కడిదే అని కూడా అనలేను. ఆ ఉత్తరం నకలు మీ అక్కకి చూపిస్తే "మనిషిని పిలిచినట్టే ఉంది" అంది. అనడమే కాదు, నీ జవాబు రాకముందే ముందుగదిలో మంచం వేయించింది. దుప్పట్లు ఎండలో వేసింది. వాటిని తీసెయ్యమంటే వినిపించనట్టు ఊరుకుంటోంది. నేను రోజూ ఆ ఖాళీ మంచం చుట్టూ తిరిగి వీధిలోకి వెళుతున్నాను.

నువ్వు వెంటనే వెళ్లి ఆ లిఫ్టు ఉద్యోగం మళ్లీ పట్టుకో. ఇక్కడ కొత్త డ్రైవరు ఉన్నాడు. బాగా తోలతాడు. అయితే వంతెన రాగానే కళ్లు మూసుకుంటాడు.

దీనితో ఒక ఫారం జత చేశాను. లోపాన్ని మొదట గమనించిన డ్రైవరే నింపాలని కంపెనీ రూలు. నింపి పంపు.

ఇట్లు,
బావ

తా.క.: సోమవారం మీ అక్క బస్టాండుకి వెళ్లి మూడు బస్సులైనా చూసి వస్తానంటోంది. వద్దని నేను చెప్పలేకపోయాను. ఎందుకు చెప్పలేకపోయానో నాకే తెలియదు.


14వ తారీఖు

లారీగారి యజమానిగారికి,

నమస్కారం. లారీకి గౌరవం, మనిషికి ఫారం. బాగుంది.

నేను సోమవారం బస్సెక్కాను. సగం దూరం వచ్చాక మా ఆవిడ ఫోన్ చేసింది. మీ రెండో ఉత్తరం వచ్చిందనీ, చదివాననీ చెప్పింది. దిగి, ఎదురు బస్సెక్కాను. అక్క బస్టాండుకి వస్తుందన్న తా.క. ముక్క కూడా అప్పుడే తెలిసుంటే రెండు గంటలైనా వచ్చి కనిపించి వెళ్లేవాణ్ణి.

షాపుకి వెళ్లేసరికి నా స్టూలు మీద మేనేజరు తోడల్లుడు కూర్చుని ఉన్నాడు. గొడుగు తిరిగి ఇచ్చేస్తానన్నాను. "ఇచ్చిన గొడుగు వెనక్కి తీసుకోవడం మా షాపు మర్యాద కాదు," అన్నాడు మేనేజరు. చివరికి జాలిపడి మెట్ల దగ్గర నిలబెట్టాడు. లిఫ్టు పనిచెయ్యనప్పుడు "మెట్లు ఇటు" అని చెప్పడం నా పని. తోడల్లుడి దయవల్ల లిఫ్టు రోజుకి నాలుగుసార్లు ఆగుతోంది. చేతినిండా పనే.

ఫారం నింపాను. మీ ముందే నింపినట్టు ఉండాలని ఇక్కడ కూడా రాస్తున్నాను.

లోపాన్ని మొదట గమనించినది ఎవరు? నేను.

ఎలా గమనించారు? చేతులతో. స్టీరింగ్ జానెడు తిప్పితే చక్రం బెత్తెడు కదిలేది. మిగతాది ఎటు పోయేదో దేవుడికి తెలియాలి.

ఎవరికి తెలియజేశారు, ఎన్నిసార్లు? మా బావకి. పదకొండుసార్లు. పన్నెండోసారి చెప్పబోతుంటే సెలూన్ అడ్డొచ్చింది.

తీసుకున్న చర్య? నన్ను తీసేశారు.

లోపం వల్ల జరిగిన నష్టం? నిలువుటద్దం ఒకటి, కుర్చీ ఒకటి, పోస్ట్‌మాస్టరుగారి గడ్డం సగం. (గీత మీద చోటు చాలలేదు. మిగతా నష్టం విడిగా ఒక కాగితం మీద రాద్దామని కూర్చున్నాను. మళ్లీ లేచాను.)

ఇట్లు,
మెట్ల దగ్గరి
బావమరిది

తా.క.: వంతెన మీద కళ్లు మూసుకునే డ్రైవరుకి నా మాటగా ఒక్కటి చెప్పండి. మనం కళ్లు మూసుకున్నా వంతెన తెరుచుకునే ఉంటుంది.


17వ తారీఖు

బావమరిదికి,

అది ఫారమా, నా మీద చార్జిషీటా? "తీసుకున్న చర్య: నన్ను తీసేశారు" అని రాస్తావా? పదాల పొందిక బాగానే ఉంది గాని, కంపెనీకి నేనెలా పంపేది? ఆ జవాబు దగ్గర "తగిన చర్య తీసుకోబడింది" అని మార్చి రాసి పంపమని అడుగుదామనుకున్నాను.

ఆ అవకాశం దాటిపోయింది. మీ అక్క నా చేతిలోంచి ఫారం లాక్కుని చదివింది. మూడో జవాబు దాకా పగలబడి నవ్వింది. నాలుగో జవాబు దగ్గర నవ్వు ఆగిపోయింది. ఫారం మడిచి కొంగున ముడేసుకుని, "పంపితే ఇదే పంపండి, లేకపోతే నా కొంగు పంపండి," అంది. అప్పటినుంచి నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. అవసరాలు కూడా బాగా తగ్గిపోయాయి.

సరే. గురువారం కొత్త డ్రైవరు లారీని మీ ఊళ్లో ఉన్న కంపెనీ వర్క్‌షాపుకి తీసుకొస్తున్నాడు. దగ్గరలో అదొక్కటే ఉంది. పరీక్ష చేయించినట్టు కాగితం లేకపోతే లారీని రోడ్డెక్కనివ్వరట. నువ్వు అక్కడికి వెళ్లనక్కర్లేదు. ఎండలు ముదిరాయి. అంతా కొత్త డ్రైవరు చూసుకుంటాడు.

ఇట్లు,
బావ

తా.క.: ఒకవేళ వెళ్లినా లారీ కిందికి వంగి చూడకు. నడుం పట్టేస్తుంది.


22వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

ఎండగా ఉంటుందన్నారని గొడుగు వేసుకుని వెళ్లాను.

మూడేళ్ల తర్వాత మన లారీని చూశాను బావా. ముందు అద్దం మీద అక్క అంటించిన ఎర్ర పువ్వు బొమ్మ సగం చిరిగి ఉంది. తలుపు పిడి నా చేతికి ఇంకా అలవాటు తప్పలేదు. ఎక్కలేదు గాని, పట్టుకుని కాసేపు నిలబడ్డాను. కొత్త డ్రైవరు మంచివాడు. "మీ సీటులో కూర్చున్నానని ఏమీ అనుకోకండన్నా," అన్నాడు.

వర్క్‌షాపులో లారీని గొయ్యి మీదికి ఎక్కించారు. సూపర్వైజరు గొయ్యిలోకి దిగాడు. నేనూ దిగాను. నడుం పట్టలేదు.

ఆయన టార్చి వేసి చూసి, "ఇదేమిటండీ, ఈ కడ్డీ ఇప్పటికే మార్చేశారే!" అన్నాడు.

స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడు చక్రందాకా మోసుకెళ్లే కడ్డీ అది. దాని కీలు వదులైపోవడమే వీళ్లు చెబుతున్న లోపం.

"మార్చలేదండీ. సరిగ్గా చూడండి," అన్నాను.

"చూశానండీ. ఇది బయట మెకానిక్కు బిగించినది. తారీఖు కూడా కొట్టి ఉంది. మూడేళ్లయింది. ఎవరు మార్పించారో గాని సరిగ్గానే మార్పించారు. మరి తెలిసినవాళ్లు మాకొక ముక్క రాయలేదేం? ఎక్కడా ఒక్క ఫిర్యాదు కూడా లేదని మా వాళ్లు నిశ్చింతగా కూర్చున్నారు. ఆర్నెల్ల కిందట ఈ ఊరి బైపాసు మీద ఇలాంటి లారీయే తిరగబడింది. డ్రైవరు తాగాడన్నారు. రక్తం పరీక్షలో చుక్క లేదు. అప్పుడు కదా మేము లారీ కిందికి వంగి చూసింది!"

తారీఖు నేనూ చదివాను. సెలూన్ జరిగిన వారానిది. సూపర్వైజరు పొరపాటు పడ్డాడు కదా బావా? అంకెలు అరిగిపోయి అలా కనిపించి ఉంటాయి కదా?

ఇట్లు,
బావమరిది

తా.క.: లారీ పరీక్ష నెగ్గింది. కాగితం ఇచ్చారు. మీరు కోరినట్టే లోపమేమీ లేదని రాసిచ్చారు.


25వ తారీఖు

నాన్నా,

నిన్ను ఇలా పిలిచి చాలా కాలమైంది. నీకు పదిహేనేళ్లప్పుడు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పుతూ ఇలాగే పిలిచేవాణ్ణి.

సూపర్వైజరు పొరపాటు పడలేదు.

సెలూన్ జరిగిన నాలుగో రోజున లారీని షెడ్డుకి ఈడ్పించాను. మన మెకానిక్కు స్పానర్ తాత కిందికి దూరి ఆ కడ్డీ విప్పి నా చేతిలో పెట్టాడు. ఊపితే కీలు గిలక్కాయలా మోగింది. తాత నా మొహం చూశాడు. నేను నేల చూశాను. "పిల్లాడు చెప్పింది నిజమేరా," అన్నాడు. "కొత్తది బిగించు. ఈ మాట నీ నోరు దాటకూడదు," అన్నాను.

ఎందుకన్నానంటావా? నిన్ను తాగుబోతన్నది ముప్పైమంది ముందు. కాదని చెప్పాలంటే ఆ ముప్పైమంది ముందూ మళ్లీ నిలబడాలి. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు వచ్చింది, పోయింది. వారం గడిచాక ఇప్పుడు చెబితే ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారనిపించింది. ఏడాది గడిచాక ఇక అడిగేవాళ్లే లేరు. నువ్వు అప్పటికే ఎప్పుడో ఊరు విడిచి వెళ్లిపోయావు. నువ్వు వెళ్లిన రోజు నేను షెడ్డులో కూర్చుని టైరు మీద మేకుతో గీతలు గీశాను. బస్టాండు కూతవేటు దూరం. రాలేదు.

కంపెనీ ఉత్తరం రాగానే నా గుండె మీది బండ దించినట్టయింది. తప్పు కంపెనీది అని రాసి పడేస్తే నా తప్పు దానికింద దాక్కుంటుంది అనుకున్నాను. అందుకే ఆ ఉత్తరం అంత బిర్రుగా రాశాను. అందులో "లారీ" అన్న మాట ఎందుకు పడలేదో మాత్రం ఒట్టేసి చెబుతున్నాను, నాకు తెలియదు.

నిన్నంతా ఆ తిరగబడిన లారీ గురించే ఆలోచించాను. ముక్క రాయలేదేం అని అడిగాడట కదా. నాకు రాయడం వచ్చు. కాగితం ఉంది, కలం ఉంది. పోస్ట్‌మాస్టరు రోజూ మన వీధిలోనే తిరుగుతాడు.

ఈ సాయంత్రం సెలూన్‌కి వెళ్లాను. తొమ్మిదిమంది ఉన్నారు. తొమ్మిదిమందికీ చెప్పాను. తక్కిన వాళ్లకి ఇంటింటికీ వెళ్లి చెబుతాను. నువ్వు క్షమించాలని రాయడం లేదు. అది అడిగే మొహం నాకు లేదు.

ఇట్లు,
మీ అక్క మొగుడు

తా.క.: మీ అక్కకి ఇంకా చెప్పలేదు. ఈ ఉత్తరం పోస్టు చెయ్యమని ఆవిడ చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు.


30వ తారీఖు

బావకి,

మీ కవరు శుభ్రంగా అంటించి వచ్చింది. లోపల ఉత్తరం అంచున అక్క చేతిరాత. "చదివాను. ఇక్కడ నీ ఫారం చదివిన రోజు నుంచీ వంట మీ బావే చేస్తున్నారు. తినలేకపోతున్నాను. అయినా మాననివ్వను." ఎన్నాళ్లకో ఇంట్లో గట్టిగా నవ్వాను. మా ఆవిడ భయపడింది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. సూపర్వైజరు పొరపాటు పడ్డాడు కదా అని అమాయకంగా రాశాను చూడండి, అది నటన. కడ్డీ మార్చారని నాకు ముందే తెలుసు.

నేను లిఫ్టులో చేరిన రెండో నెలలో స్పానర్ తాత మనవరాలికి గౌను కొనడానికి మా షాపుకి వచ్చాడు. నన్ను చూసి బిత్తరపోయాడు. పిల్లల బట్టలు మూడో అంతస్తులో. అక్కడికి చేరేలోపు మొత్తం చెప్పేశాడు. చెప్పి, "మీ బావ చెప్పొద్దన్నాడురా," అని నా భుజం పట్టుకుని ఏడ్చాడు. గౌను కొనకుండానే కిందికి దిగిపోయాడు.

అప్పటినుంచి ఎదురుచూశాను బావా. మీరు వస్తారని, వచ్చి చెబుతారని. నేనుగా అడగకూడదని పంతం. అడిగితే అరిగిపోతానా? అలాగే కూర్చున్నాను. అందుకే మీ మొదటి ఉత్తరం చూసి అలా ఎగిరి గంతేశాను. అది మాత్రం నటన కాదు.

ఆ సూపర్వైజరును అడిగి తిరగబడిన లారీ డ్రైవరు వివరం తెలుసుకున్నాను. మా షాపుకి నాలుగు వీధుల అవతల పెద్దాసుపత్రిలోనే ఉన్నాడు. మొన్న వెళ్లాను. నాకంటే చిన్నవాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు. పక్కన వాళ్లమ్మ కూర్చుని విసనకర్ర విసురుతోంది. డ్రైవరునని చెప్పగానే స్టూలు చూపించాడు. కాసేపు రోడ్ల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అడిగాడు.

"నీ బండి కూడా ఆడిందా అన్నా?"

"ఆడింది."

"కడ్డీదే తప్పని ఎప్పుడు తెలిసింది?"

"మూడేళ్లయింది."

ఆయన దుప్పటి మీద వేళ్లతో నెలలు లెక్కపెట్టుకోవడం చూశాను. వాళ్లమ్మ విసరడం ఆపింది.

మీరు ముప్పైమందికి జడిసి దాచారు. నేను మీరొచ్చి చెప్పాలన్న పంతంతో దాచాను. మనిద్దరి గొడవా మనిద్దరిదే అనుకున్నాం. ఆ రోడ్డు మీద ఇంకెందరు తోలుతున్నారో ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. మిమ్మల్ని క్షమించడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. మీ ఉత్తరం రెండో పేజీకే అయిపోయింది. కానీ ఆ మంచం దగ్గర మనిద్దరికీ పని మిగిలి ఉంది. నేను సగమే చెప్పి లేచి వచ్చేశాను. తెలిసి కూడా ఎందుకు దాచామన్న మిగతా సగం చెప్పడానికి నేనొక్కణ్ణీ వెళ్లలేను.

ఆదివారం రండి బావా. అక్కని కూడా తీసుకురండి. ముందు మా ఇంటికి వచ్చి, భోంచేసి, ముగ్గురం నడిచి వెళదాం.

ఇట్లు,
మీ
బావమరిది

తా.క.: బస్సులో రండి. లారీ వేసుకుని రావద్దు. కిటికీ అవతల లారీ వెళ్లిన ప్రతిసారీ ఆయన దుప్పటి గుప్పిట్లో పట్టుకుని కుడివైపుకి తిప్పుతున్నాడు.